ఎలుకల బెడద

ఈ శీర్షికను జూచి మా చదువరులలో కొందఱు నవ్వుకొనవచ్చును. నదీజలముల పంపకము, జిల్లాల సరిహద్దులు, ఎన్నికలు మొదలగు గొప్ప విషయములుండగా సంపాదకీయ స్తంభములను ఎలుకలకు ధారపోయుట యేమని అడుగవచ్చును. అట్లడుగువారిని ఒక్కటి వేడుకొందుము. నేటి రాత్రి నిద్రకు ముందు తమ ధాన్యపుకొట్టు తలుపు మెల్లగా తెఱచి, దీపము వేయక, అర నిమిషము చెవి యొగ్గి నిలువుడు. పిమ్మట వచ్చి ఈ వ్యాసమును చదువుడు.

సీతారామపురము మొదలుకొని ఉదయగిరి మీదుగా ఆత్మకూరు వఱకు, వెలిగొండల నీడనున్న మన మెట్టసీమలో పంట యనునది మేఘమును నమ్ముకొని వచ్చు అతిథి. డెల్టా రైతునకు ఒక కారు పోయినను మఱియొక కారు గలదు. మనకు కంది, మినుము, సజ్జ, జొన్న, వేరుసెనగ, ఏది పండినను ఏటికి పండునది తఱచుగా ఒక్కసారియే. చెఱువు నిండిన యేడు నాలుగు మడులు వరి. ఆ పంటను పురుగునుండియు, అడవిపందినుండియు, దళారినుండియు కాపాడి యింటికి దెచ్చిన రైతు, గోనెసంచుల కెత్తి గోడకు చేరవేసి, తలుపు దగ్గఱగా మూసి, ఇక భయము లేదని నిదురించును. అసలు దొంగ అప్పుడే పనిలోనికి దిగును.

లెక్క చూతము. ఇంటియెలుక దినమునకు తన బరువులో సుమారు పదియవ వంతు తినును. ఇరువది అయిదు గ్రాములని వేసినను ఏటికి 9 కిలోలు. ఒక వీధిలో నూఱు ఎలుకలున్నవనుకొనుడు. నూఱనుట మర్యాదకు చెప్పుటయే. ఏటికి 900 కిలోలు. 75 కిలోల బస్తాలలో పండ్రెండు బస్తాల వడ్లు! ఇది తిన్న లెక్క మాత్రమే. కొఱికి చిమ్మినదియు, మూత్రముతోను పెంటికలతోను పాడుచేసినదియు ఇందులో చేరలేదు. ఆ పాడైన దానిని మనము చెఱిగి, కడిగి, వండుకొని తినుచున్నాము గనుక నష్టములో చూపుట లేదు. ఆడు ఎలుక మూడు వారములు మోసి ఆఱేడు పిల్లలను పెట్టును; ఆ పిల్లలు రెండు మూడు మాసములలో తామును తల్లులగును. ఏ వడ్డీవ్యాపారియు ఇంత వేగముగా చక్రవడ్డీ కట్టి యెఱుగడు.

తెలుగుభాష ఆంగ్లభాషకు దానము చేసిన కొలది మాటలలో పందికొక్కు ఒకటి. దొరలు దానిని బాండికూట్ అని మార్చుకొని, ఆస్ట్రేలియాలోని సంబంధమే లేని వేఱొక జంతువునకు గూడ ఆ పేరు తగిలించిరి. మన మాట ఖండాంతరమునకు పోయినది. జంతువు మాత్రము మన గాదె క్రిందనే యున్నది.

ఉదయగిరి దుర్గము కన్నుల యెదుట నుండగా ధాన్యపు నిలువను గూర్చి మనకు ఇతరులు చెప్పవలసిన పనిలేదు. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో ఆ దుర్గమును వశపఱచుకొనెను. అన్నాళ్లు కోట నిలిచినదన్న లోపలి కొట్లలోని గింజయే దానికి ప్రాణమై యుండవలయును గదా. గోడలకు కాపలాయున్నంత శ్రద్ధగా గాదెకును కాపలా యుండవలెనని ఆ కొండ దిగువ నివసించు మనము మఱచితిమి.

ఎలుకవలన నష్టము గింజతో ముగిసిన బాగుగనే యుండును. 1896లో ప్లేగు బొంబాయిలో దిగెను. దాని క్రిమిని అంతకు రెండేండ్ల ముందు, 1894లో, హాంకాంగులో యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనియుండెను. అది ఎలుకనుండి మనుష్యునకు ఎట్లు వచ్చునో 1898లో కరాచీలో సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు తేల్చెను. ఎలుక బొచ్చులో ఱెక్కలు లేని గెంతు పురుగు ఒకటి నివసించును. ఎలుక చచ్చి చల్లబడగానే ఆ పురుగు దానిని విడిచి, దగ్గఱనున్న మనుష్యుని కఱచును. ఇంట ఎలుకలు తమంతట తామే రాలిన నాడు ఇల్లు విడిచి పోవలెనని మన పెద్దలు చెప్పుచుండిన మాట ఊరక చెప్పినది గాదు. అర్ధశతాబ్దములో ఆ మహమ్మారి మన దేశమున కోటిమందికి పైగా బలిగొన్నది. సావిత్రీబాయి ఫూలే రోగులకు సేవ చేయుచు 1897 మార్చిలో దానికే యాహుతియైనది.

నాటి దొరతనము చేసినదేమి? 1897లో అంటురోగముల చట్టము చేసి, పూనాలో సోల్జర్లను ఇండ్లలోనికి పంపినది. ఆ యేడు జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చిరి; కేసరిలోని వ్రాతలకు తిలక్ మహాశయునకు పదునెనిమిది మాసముల శిక్ష పడెను. ఈ కథ మనవారందఱకు తెలిసినదే. తెలియని దేమనగా, ఆ తిలక్ మహాశయుడు అధికారులను ఖండించి యూరకుండక, ఊరు విడిచి పోక, హిందువులకొఱకు ప్లేగు ఆసుపత్రి నెలకొల్పుటకు పూనుకొనెను. ప్రభుత్వమును విమర్శించుట ఒక చేతిపని, చీపురు పట్టుట రెండవ చేతిపని యని ఆయన యెఱుగును.

గుజరాతులోని బోర్సద్ తాలూకాలో ప్లేగు మరల తలయెత్తినపుడు, 1935లో, సర్దార్ పటేలు సర్కారుకొఱకు కాచుకొని కూర్చుండక వాలంటీర్లతో అచ్చట విడిసి, ఊరూర ఇండ్లు శుభ్రము చేయించి, కలుగులు పూడ్పించెను. మే నెలలో గాంధీ మహాత్ముడు తానే అచ్చటికి వెళ్లి గ్రామములు తిరిగి బోధించెను. ఎలుకను చంపుట హింస గాదా యని ప్రశ్న వచ్చెను. హింసయే యని ఆయన యొప్పుకొనెను. అయినను వైద్యులు చెప్పిన నిర్మూలన కార్యమునకు అడ్డు చెప్పలేదు. వినాయకుని వాహనమును చంపవచ్చునా యని మమ్ము అడుగు మిత్రులు మన పట్టణములో కొందఱు గలరు. వారికి మా మనవి: చంపకుడు, కాని మేపకుడు. ఎంగిలి విస్తళ్లు వీధిలో వేసి, తౌడు కుండకు మూత పెట్టక, పశువుల దాణాను నేలమీద చిమ్మి, వేయి ఎలుకలను పుట్టించిన వాని యహింస యేపాటిది?

ఇవి గతకాలపు కథలని త్రోసివేయుటకు వీలులేదు. 1994 సెప్టెంబరులో సూరత్ నగరమున ప్లేగు పేరు వినబడగానే లక్షలాది జనులు రైళ్లెక్కి పాఱిపోయిరి. విదేశములు మన విమానములను నిలిపివైచినవి. మఱుసటి యేడు ఎస్. ఆర్. రావుగారు నగర కమిషనరుగా వచ్చి చెత్త తీయించి, కాలువలు బాగుచేయించి, ఆ మురికినగరమునే దేశములోని పరిశుభ్ర నగరముల వరుసలో నిలిపిరి. డబ్బు వేఱు గాదు, జనము వేఱు గాదు, పని జరిగినది. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పుట్టి పట్టుమని పదిదినములైన గాని పసికందును ఎలుకలు కొఱికినవి. ఆ బిడ్డ బ్రదుకలేదు. రాష్ట్రమంతయు నాలుగు దినములు కంటతడి పెట్టినది. ఆ తరువాత మన ఊరి ఆసుపత్రి గోడల పగుళ్లు పూడ్చిరో లేదో చూచి వచ్చిన వారెందఱు? ఇక వానకాలములో ఎలుక మూత్రము కలిసిన బురదలో పగిలిన కాళ్లతో నడచు కూలివానికి వచ్చు జ్వరమొకటి గలదు. వైద్యులు దానిని లెప్టోస్పైరోసిస్ అందురు, జనులు ఎలుక జ్వరమందురు. కన్నులు పచ్చబడువఱకు కామెర్లనుకొని పసరు మందు పోయించుకొనుచు, మూత్రపిండములు చెడిన పిదప నెల్లూరికి పరుగెత్తుదురు. తొలినాళ్లలో గుర్తించిన సామాన్యమైన మందులతోనే కుదురు జబ్బిది.

రాజ్యములు గూడ ఎలుకవలన కదలినవి. మిజో కొండలలో దాదాపు ఏబది యేండ్లకొకసారి వెదురు పూచును. ఆ గింజ తిని ఎలుకలు లెక్కకు మిక్కిలియై, గింజ ముగియగానే పొలముల మీద పడును. 1959లో అట్లు కఱవు వచ్చినపుడు, వచ్చునని ముందుగా చెప్పిన పెద్దల మాట అధికారులు నవ్వి త్రోసివేసిరి. కఱవు నివారణకై పుట్టిన సంఘమే 1961లో రాజకీయ పక్షమై, 1966లో ఆయుధములు పట్టినది. శాంతి కుదురుటకు ఇరువది యేండ్లు పట్టినది. ఎలుక చిన్నదని ఉపేక్షించిన వారి అనుభవమది.

సరే, మన ఇంట ఎలుకలున్నవో లేవో తెలియుట యెట్లు? కంటబడుట లేదు గనుక లేవనుట వట్టి భ్రమ. ఎలుక రాత్రించరము, పట్టపగలు కనబడుచున్నదన్న లోపల చోటు చాలక కొన్ని వెలికి వచ్చినవని యర్థము. మొదట పెంటికలు చూడవలెను. బియ్యపుగింజంతయు, రెండు కొనలు సన్నమైయు నున్నచో చిట్టెలుక. అర అంగుళము మేర కదురువలె నున్నచో ఇంటియెలుక. అంతకంటె లావైనచో పందికొక్కు. మెత్తగా నల్లగా నిగనిగలాడిన నిన్న రాత్రివి. ఎండి బూడిదరంగై పుల్లతో త్రాకగానే పొడియైన పాతవి. ఒక్క ఎలుక రాత్రింబవలులో నలుబది వఱకు వేయును గావున పెంటికలు చూచి భయపడుటకు ముందు వానిని ఊడ్చివేసి, మఱునాడు క్రొత్తవి యెన్ని పడినవో చూచుట మేలు. ఊడ్చునపుడు నీరు చిలుకరింపవలెను. ఎండు ధూళిని పీల్చరాదు.

ఎలుక గ్రుడ్డిదివలె గోడ నంటుకొని, నిత్యమును ఒకే దారిని నడచును. దాని యొంటి జిడ్డు గోడ యడుగున, వాసముల మీద, తలుపు మూలను నల్లని చారయై నిలుచును. సున్నము వేసిన గోడమీద ఆ చారను గుడ్డిదీపముతోనైన గుర్తింపవచ్చును. గంపల చాటున, అటకమీద చీల్చిన గుడ్డపీలికలు, కాగితపు తునకలు ప్రోగై యున్నచో అది గూడు. సంచి యడుగున కోసినట్లు రంధ్రమును, దాని క్రింద సన్నని పిండియు కనబడిన వేఱొక సాక్ష్యమక్కఱలేదు. ముందుపండ్లు జన్మమంతయు పెరుగుచునే యుండును గావున వానిని అరగదీసికొనుటకై ఎలుక కొయ్యను, సీసపు గొట్టమును, కరెంటు తీగను గూడ కొఱుకును. కారణము తెలియని అగ్నిప్రమాదములలో కొన్నింటికి తీగ కొఱికిన పంటి గుఱుతే కారణము.

సందేహము తీఱకున్నచో మన ఆడువారి చేతనున్న వస్తువే చాలును. రాత్రి గోడవెంబడి ముగ్గుపిండి పలుచగా చల్లుడు. తెల్లవారి చూచిన ముందుకాలికి నాలుగు వ్రేళ్లు, వెనుకకాలికి అయిదు వ్రేళ్లు, నడుమ తోక యీడ్చిన గీత. ఎంత దొరతనపు విచారణ సంఘమైనను ఇంత స్పష్టమైన నివేదిక నీయజాలదు. ఒక హెచ్చరిక: పొడుగు ముక్కుతో, కంపు గొట్టుచు, కిచకిచలాడుచు గోడవార పోవు చుంచు ఎలుకజాతిది గాదు, అది పురుగులను తిని బ్రదుకును. ఎలుకపై కోపమును దానిపై చూపి ప్రయోజనము లేదు.

పొలములో పరీక్ష ఇంకను సులభము. వరికంకి పొట్టకు వచ్చు వేళ దుబ్బులు ఏటవాలుగా, కత్తితో కోసినట్లు పడియుండును. పురుగు ఆ విధముగా కోయదు. గట్టుమీద క్రొత్తమట్టి ప్రోగును, దాని చెంత కలుగును గనబడును. పందికొక్కు లోపలినుండి మట్టితో వాకిలి మూసికొనును గావున మూసిన కలుగులో ఏమియు లేదనుకొనరాదు. సాయంకాలమున గట్టుమీది కలుగులన్నియు మట్టితో పూడ్చి, ఉదయమున వచ్చి మరల తెఱచినవెన్నియో లెక్క పెట్టవలెను. అవియే జీవమున్న కలుగులు. మిగిలిన వానిపై మందును, శ్రమను వ్యర్థము చేయుట కొండను త్రవ్వి ఎలుకను పట్టుటకంటె అన్యాయము, ఎలుక గూడ దొరకదు గదా!

నివారణమును గూర్చి మా యభిప్రాయము స్పష్టము. మందు చివరిది, మొదటిది గాదు. మొదట దారి మూయవలెను. చిటికెనవ్రేలు దూఱు సందున చిట్టెలుక దూఱును. బొటనవ్రేలు పట్టు సందున ఎలుకపిల్ల దూఱును. తలుపుల యడుగున అడుగెత్తు రేకు కొట్టించి, కిటికీకి సన్నని ఇనుపవల బిగించి, పగుళ్లను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చవలెను. బస్తాలను నేలనుండి ఎత్తుగా, గోడనుండి అడుగున్నర యెడముగా పేర్చి, చుట్టును మనుష్యుడు నడచి చూచుటకు వీలుండునట్లు చేయవలెను. వామి యింటికి దూరముగ నుండవలెను. పొలములో గట్లు సన్నగా చెక్కవలెను. లావు గట్టు ఎలుకకు మేడ.

అంగడిలో దొరకు ఎలుకల ముద్దమందును గూర్చి మేము కఠినముగనే చెప్పుదుము. పసుపు భాస్వరము కలిసిన ఆ ముద్ద ఇంట నుండరాదు. దానికి విరుగుడు లేదు. తిన్న మనుష్యుడు మొదటి రెండు దినములు బాగున్నట్లే కనబడి, పిదప కాలేయము చెడి పోవును. రొట్టెకు రాచి మూలనుంచిన దానిని ప్రాకు బిడ్డ తీసికొనుటయు, ఇంట మాట పట్టింపు వచ్చిన రాత్రి కోడలి చేతికి మొదట తగులునది అదే యగుటయు, మా వృత్తిలో పంచనామా కాగితములు చదివిన మాకు తెలియని విషయములు గావు. ఎలుకమీది కోపమున ఇల్లు తగులబెట్టుకొనుట యని మనవారన్నది సామెతకే గాదు. పొలములో వాడు జింకు ఫాస్ఫైడునకును విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్‌కు కె విటమిను విరుగుడు గలదు. ఏదైనను వ్యవసాయాధికారి యెదుట, కలుగులలోనే, ఊరంతయు ఒకే దినమున పెట్టవలెను. ముందు రెండు దినములు మందు లేని నూకలు పెట్టి అలవాటు చేయకున్నచో, ఒక ఎలుక బాధపడగానే మిగిలినవి ఆ యెఱను ముట్టవు. ఒక్క రైతు పెట్టి పొరుగువాడు ఊరకున్నచో నెల తిరుగకుండ పొరుగు పొలపు ఎలుకలు ఖాళీయైన కలుగులలో కాపురము పెట్టును. ప్లేగు అనుమానమున్న చోట మాత్రము ముందు పురుగును చంపక ఎలుకను చంపరాదు. చచ్చిన ఎలుకను విడచిన పురుగు ఎవరిమీదికి పోవునో పైన చెప్పితిమి.

మన సీమకు ఈ విద్య క్రొత్తగాదు. యానాదుల చేతిలో అది తరతరములుగా నున్నది. కుండలో గడ్డి కుక్కి నిప్పు వేసి, మూతిని కలుగునకు ఆన్చి, కుండకు జేసిన చిన్న రంధ్రమునుండి పొగ నూదుదురు. తక్కిన వాకిళ్లన్నియు ముందే మూసియుందురు. ఉక్కిరిబిక్కిరియై వచ్చినదానిని పట్టి, పిదప కలుగు త్రవ్వి ఎలుకలు దాచిన వడ్లను తీసికొందురు. మట్టి చూచి కలుగు నిన్నటిదో నేటిదో చెప్పగల ఈ నిపుణులను దొరల చట్టము దొంగజాతులలో చేర్చినది! మద్రాసు రాష్ట్రమున ఆ చట్టము 1947లో రద్దగుటకు, నెల్లూరు న్యాయవాదియు స్వాతంత్ర్య యోధుడు నగు వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు ఎంత పాటుపడిరో మా చదువరులలో పెద్దలు విని యుందురు. యానాదులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1962లో వెలువడినది. చట్టము పోయినది, కాని పొలమున ఎలుకలు పట్టించుకొని, కలుగులోని గింజలే కూలి యని చేతులు దులుపుకొను అలవాటు పోలేదు. మన పంటను మనకు కాపాడినవానికి మన పంటలోనే యెలుక దొంగిలించిన భాగమును ఇచ్చుట ఏ ధర్మశాస్త్రమున గలదు?

తమిళదేశమున ఇరుళరులు 1978లో సహకారసంఘముగా నేర్పడి, తమ పాములు పట్టు విద్యను విషము తీసి అమ్ము గౌరవమైన వృత్తిగా మార్చుకొనిరి. పంచాయతీలు తలచిన యానాదుల ఎలుకల సంఘములు ఇచ్చట ఏల రావు? చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు, రొక్కపు కూలి ఇయ్యవలెను. కూలిని తోకలకు మాత్రము కట్టరాదు. 1902లో హనోయి నగరమున ఫ్రెంచి దొరలు తోకకింత యని వెల కట్టగా, జనులు తోక కోసి ఎలుకను విడిచిరి. కొందఱు పెంచిరి గూడ. తెఱచిన కలుగులు ఎన్ని మూతపడినవో దానినిబట్టి ఇయ్యవలెను.

గుడ్లగూబను అపశకునమని తఱుముటయు, విషము లేని జెఱ్ఱిపోతును కనబడినంతనే కొట్టి చంపుటయు మానిన సగము పని వెల లేకయే జరుగును. పైగా నాగుపాము ఇంటికి వచ్చుట ఎలుక కొఱకే గాని మనకొఱకు గాదు.

చట్టము లేదనుట సరిగాదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద ఆహార వ్యాపారము నడపుచు గింజ నిలువచేయు ప్రతివాడును క్రిమికీటకములను ఎలుకలను దూరముంచవలసిన వాడే. ఇది చౌకదుకాణమునకును, వసతిగృహపు వంటశాలకును వర్తించును. చదువరులు తమ కార్డు బియ్యములో పెంటిక కనబడిన గొణిగి చెఱుగుకొనక, ఆ గుప్పెడును కాగితములో కట్టి తహసీలుదారుగారి బల్లపై నుంచి రసీదు పుచ్చుకొనవలెను. 2022లో మథుర పోలీసులు తాము పట్టిన గంజాయిలో ఐదువందల కిలోలకు పైగా ఎలుకలు తినివేసినవని న్యాయస్థానమునకు విన్నవించిరి. ఎలుకకు పిల్లి సాక్ష్యమను సామెత ఆనాడు తలక్రిందులైనది! కాని నవ్వి యూరకుండరాదు. రిజిష్టరైన దస్తావేజును ఎలుక తిన్నను నకలు తెచ్చుకొనవచ్చును. తాతలనాటి పంపకపు జాబితాను, చేవ్రాలున్న రసీదును తిన్న మఱి దొరకదు. రేకు పెట్టెకు రెండువందల రూపాయలు వెచ్చింపక, అట్టి కాగితము కొనలు మాత్రము చేతబట్టుకొని మా యెదుట కూర్చున్న వృద్ధురాలి కేమి చెప్పుటకును మాకు తోచలేదు.

కోతలు ముగిసి, పొలములు ఖాళీయై, ఎలుకకు తిండి కఱవగు ఎండకాలమే దండెత్తుటకు తగిన సమయము. ప్రతి గ్రామమును ఒక సాయంకాలమున కలుగులు పూడ్చి, మఱునాటి యుదయమున తెఱచినవానిని లెక్కించి, మొత్తమును పఠనమందిరపు నల్లబల్లపై వ్రాయవలెనని మా కోరిక. పదునైదు దినములకు మరల లెక్కించి ప్రక్కనే వ్రాయుడు. ఆ రెండంకెలను కార్డుమీద మాకు పంపిన గ్రామముల పేర్లను, అంకెలను, వారము వారము ఈ పుటలోనే ప్రకటింతుము. పెరిగిన గ్రామము పేరును గూడ దాపక ప్రకటింతుము.